పాత ఫోన్‌లో 4జీ రావట్లేదు, హెచ్ ప్లస్ దగ్గరే ఆగిపోతోంది

#1 ముత్తాతఫోన్

అందరికీ నమస్కారం. నా ఫోన్‌కి ఆరేళ్లు దాటాయి. పెట్టె మీద 4జీ అని పెద్దక్షరాలతో ఉంది, మొదట్లో వచ్చేది కూడా. ఇప్పుడు ఎప్పుడు చూసినా పైన హెచ్ ప్లస్, లేదంటే ఒట్టి ఇ. పక్కనే కూర్చున్న మా చెల్లి ఫోన్‌లోనూ అదే కంపెనీ సిమ్. దాంట్లో మాత్రం 4జీ నిక్షేపంలా వస్తోంది. నేను ఒక ఫొటో పంపేలోపు తను వీడియో సగం చూసేస్తోంది.

కొత్తది కొనుక్కోమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను. స్క్రీన్ మీద గీత కూడా లేదు, బ్యాటరీ ఈమధ్యే మార్పించాను, ఇంకో రెండేళ్లు హాయిగా లాగుతుంది. నెట్ ఒక్కటి దారికొస్తే చాలు. సెట్టింగుల్లో ఎక్కడైనా నొక్కాల్సింది ఉందా?

#2 రెండుసిమ్‌లోడు

డేటా సిమ్ ఏ స్లాట్‌లో ఉందో ముందు అది చూడండి. పాత డ్యూయల్ సిమ్ ఫోన్లలో చాలావాటికి 4జీ ఒక్క స్లాట్‌లోనే. రెండోది 3జీ వరకే, కొన్నిట్లో అయితే 2జీతో సరి. ఇంకొన్ని ఫోన్లలో డేటాకి ఏ సిమ్ ఎంచుకుంటే దానికే 4జీ ఇస్తుంది.

సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్తే 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్' అని ఉంటుంది. అందులో 4జీ లేదా ఎల్‌టీఈ (4జీకే ఇంకో పేరు) అన్న మాట ఉందా, అసలే లేదా?

#3 నిశాచరుడు

బ్రో, నెట్ బూస్టర్ అని వెతికితే బోలెడు యాప్‌లు వస్తాయి, ఒకటి వేసుకో. ఇంకోటి, ఏపీఎన్‌లో సర్వర్ అని ఖాళీ గడి ఉంటుంది కదా, అక్కడ ఒక అడ్రస్ పెడితే స్పీడ్ డబుల్ అవుద్దని ఒక వీడియోలో చూశా. నేను పెట్టాక తేడా వచ్చిందనిపించింది.

#4 డీబీఎమ్‌డాక్టర్

> నేను పెట్టాక తేడా వచ్చిందనిపించింది

అనిపించడం వేరు, రావడం వేరు తమ్ముడూ. బూస్టర్ యాప్‌లు చేసేది ఒక్కటే, ఫోన్‌లో ముందే ఉన్న మెనూని తెరిచి చూపించడం. మధ్యలో నాలుగు ప్రకటనలు. ఫోన్ లోపలి రేడియోకి ఒక మామూలు యాప్ కొత్త బలం ఇవ్వలేదు, దానికి ఆ అధికారమే లేదు.

ఏపీఎన్ అంటే కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లే తలుపు పేరు. పేరు తప్పుగా రాస్తే తలుపు తెరుచుకోదు, సరిగ్గా రాస్తే తెరుచుకుంటుంది. అంతేగానీ పేరు మార్చినందుకు తలుపు వెడల్పవదు. ఎప్పుడో ఎవరో పెట్టిన ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్ అడ్రస్, అందులో మిగిలిపోతే మాత్రం నెట్ నత్తనడక నడుస్తుంది. కాబట్టి ఏపీఎన్‌లో కొత్తగా ఏమీ రాయకండి. 'రీసెట్ టు డిఫాల్ట్' కొట్టి వదిలేయండి.

ఇక ముత్తాతఫోన్ గారూ, ఆ గుర్తుల సంగతి. ఇ అంటే ఎడ్జ్, 2జీలో వేగమైన రూపం. నాలుగు టైమ్‌స్లాట్లు దొరికినా 236 కేబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. 3జీ మొదటి రూపం 384 కేబీపీఎస్. దాన్నే మెరుగుపరిచిన హెచ్ అయితే 14.4 ఎంబీపీఎస్ వరకు, హెచ్ ప్లస్ ఫోన్‌ని బట్టి 21 లేదా 42. 4జీలో కేటగిరీ 4 మోడెమ్ ఉంటే 150. ఇవన్నీ కాగితం మీది లెక్కలు. టవర్ కింద మీరొక్కరే ఉంటే తప్ప అంత రాదు. అయినా ఏ మెట్టు మీద నిలబడ్డారో తెలియడానికి పనికొస్తాయి.

నాకు మూడు విషయాలు కావాలి. ఆ సిమ్ ఏనాటిది? 2జీ రోజుల నాటి సిమ్‌ని 4జీ నెట్‌వర్క్ లోపలికి రానివ్వదు, ప్రమాణంలోనే ఆ నిబంధన ఉంది. రెండోది, మీ మోడల్ ఏ బ్యాండ్లకి, అంటే ఏ ఫ్రీక్వెన్సీలకి, పనికొస్తుంది? పెట్టె మీద 4జీ అని ఉంటే సరిపోదు. బ్యాండ్ 3 అంటే 1800 మెగాహెర్ట్జ్, బ్యాండ్ 40 అంటే 2300, బ్యాండ్ 28 అంటే 700. మీ కంపెనీ వాడే బ్యాండ్ మీ ఫోన్‌లో లేకపోతే తలకిందులుగా తపస్సు చేసినా రాదు. మూడోది, రెండుసిమ్‌లోడు అడిగిన స్లాట్ ప్రశ్న.

#5 ముత్తాతఫోన్

ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్సండీ. సిమ్ రెండేళ్ల కిందట మార్చిందే. మోడల్ వివరాల్లో 3, 5, 8, 40 బ్యాండ్లు ఉన్నాయి. చెల్లి ఫోన్‌లో చూస్తే ఇక్కడ వచ్చేది బ్యాండ్ 3.

రెండుసిమ్‌లోడు గారికి దండం! డేటా సిమ్ రెండో స్లాట్‌లో ఉంది. అక్కడ ఎంచుకోడానికి '3జీ/2జీ ఆటో', 'ఓన్లీ 2జీ' తప్ప ఇంకేమీ లేవు. మొదటి స్లాట్‌కి అయితే 4జీ కనిపిస్తోంది. సిమ్‌లు అటూ ఇటూ మార్చి పెట్టాను, పైన 4జీ అని వచ్చేసింది.

కానీ సంబరం అయిదు నిమిషాలే. స్పీడ్ టెస్ట్ పెడితే దిగుమతి (డౌన్‌లోడ్) 1.8 ఎంబీపీఎస్, ఎక్కింపు (అప్‌లోడ్) 0.1. పైగా టెస్ట్ నడుస్తుంటే ఫోన్ కాలిపోతోంది. ఇదేం 4జీ?

#6 తొందరపిల్ల

*#*#4636#*#* డయల్ చేయండి, టెస్టింగ్ మెనూ వస్తుంది. అందులో ఫోన్ సమాచారంలోకి వెళ్లి 'ఎల్‌టీఈ ఓన్లీ' పెట్టేయండి. ఇక కిందికి జారదు. కొన్ని బ్రాండ్లలో ఈ కోడ్ తెరుచుకోదు, అప్పుడు నన్ను తిట్టుకోకండి.

#7 గుమ్మంలోగుర్రం

ఆగండాగండి. ఆ 'ఎల్‌టీఈ ఓన్లీ' పెట్టి నేను రెండు రోజులు లోకానికి దూరమయ్యాను.

4జీలో మాటలకి విడిగా దారి లేదు. ఫోన్‌లో వోల్టీ ఉంటే కాల్ కూడా డేటాలాగే వెళ్తుంది. లేకపోతే కాల్ వచ్చిన క్షణంలో ఫోన్ 3జీకో 2జీకో దిగి మాట్లాడి, అయ్యాక మళ్లీ పైకెక్కుతుంది. ఆ దిగే మెట్లని మనమే తీసేశామనుకోండి, కాల్ రాదు, మోగదు, మిస్డ్ కాల్ కూడా కనబడదు. నాకు నెట్ బ్రహ్మాండంగా వస్తోందని మురిసిపోతూ కూర్చున్నా. రెండో రోజు సాయంత్రం మా అన్నయ్య నేరుగా గుమ్మంలోకి వచ్చి, 'బతికే ఉన్నావా?' అన్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్ పెట్టేశానట.

వోల్టీ పనిచేస్తోందని తేల్చుకున్నాకే అది ముట్టుకోండి. ఇంకో సంగతి, కొన్ని ఫోన్లలో రీస్టార్ట్ చేయగానే ఆ సెట్టింగ్ దానంతటదే పోతుంది. నా ఖర్మకి నాది పోలేదు.

#8 పాతకాపు

ఈ 4636 మాట వినగానే 2012 నాటి నెక్సస్ 4 గుర్తొచ్చింది. దానికి అధికారికంగా 4జీ లేదు. కానీ లోపలున్న చిప్‌కి ఉంది. ఎవరో ఇదే మెనూలోకి వెళ్లి ఎల్‌టీఈ ఎంచుకుంటే బ్యాండ్ 4 మీద నిజంగానే పట్టేసింది! ఆ బ్యాండ్ నడిచే చోట్ల, ముఖ్యంగా కెనడాలో, ఫోరమ్‌లన్నీ పండగ చేసుకున్నాయి. తర్వాత ఆండ్రాయిడ్ 4.2.2 అప్‌డేట్‌తో గూగుల్ ఆ దారి మూసేసింది. జనం పాత మోడెమ్ ఫైల్ తెచ్చి మళ్లీ ఎక్కించుకుని తలుపు మళ్లీ తెరిచారు.

అది చూసి ప్రతి పాత ఫోన్‌లోనూ ఏదో దాగి ఉందనుకునే రోగం మా తరానికి పట్టింది. నిజానికి దాగి ఉండటం చాలా అరుదు. చిప్ ఒక్కటే ఉంటే చాలదు, ఆ బ్యాండ్‌కి తగ్గ ఫిల్టర్, యాంప్లిఫయర్ బోర్డు మీద ఉండాలి. అవి లేకపోతే ఏ కోడ్ కొట్టినా ఉత్తదే.

#9 వేదిక నిర్వాహకుడు

చిన్న మనవి. స్క్రీన్‌షాట్‌లు పెట్టేవాళ్లు ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), ఫోన్ నంబరు చెరిపి పెట్టండి. ఐఎంఈఐ మార్చే పద్ధతుల గురించి ఇక్కడ చర్చ వద్దు. రెండు పోస్టులు తీసేశాను.

#10 ముత్తాతఫోన్

ఎల్‌టీఈ ఓన్లీ జోలికి వెళ్లలేదు. ఏపీఎన్ రీసెట్ చేశాను, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీశాను, డేటా సేవర్ ఆపాను, వీపీఎన్ లేదు. రద్దీ వల్లేమో అని రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి మరీ టెస్ట్ చేశాను. 1.9, 0.1. చెల్లి ఫోన్ అదే మంచం మీద 34, 14. అలారం మోతకి తను కూడా లేచింది. ఏమన్నదో ఇక్కడ రాయను.

#11 డీబీఎమ్‌డాక్టర్

రాత్రి రెండింటికి కూడా అంతే ఉందంటే రద్దీ కాదు. చెల్లిగారి నిద్ర వృథా పోలేదు.

ఇప్పుడు గీతల్ని నమ్మడం మానేద్దాం. సిగ్నల్ గీతలకి కొలబద్ద లేదు, ఎంతకి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ తయారుచేసినవాళ్ల ఇష్టం. అంకె చూడాలి. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి, స్టేటస్, సిమ్ స్టేటస్. అక్కడ సిగ్నల్ బలం డీబీఎమ్‌లో, మైనస్ గుర్తుతో ఉంటుంది. ఐఫోన్ వాళ్లయితే *3001#12345#* కొట్టి చూడొచ్చు.

4జీలో మైనస్ 85 కంటే సున్నాకి దగ్గరగా ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. మైనస్ 100 దాకా ఫరవాలేదు. మైనస్ 110 దాటితే ఈదుతున్నట్టు, 120కి మునిగినట్టే. ఒక్క జాగ్రత్త, 3జీలో కనిపించే అంకెనీ 4జీలో కనిపించే అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, కొలిచే వస్తువే వేరు.

రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద, కవర్లు తీసేసి, రెండూ 4జీలో ఉండగా చూసి చెప్పండి. కారు స్టాండు కోసం వెనకాల ఇనప బిళ్ల అంటించి ఉంటే అదీ పీకేయండి.

#12 ముత్తాతఫోన్

నాది మైనస్ 117. చెల్లిది మైనస్ 95. బిళ్ల లేదు, కవర్ తీసే చూశాను. అటూ ఇటూ జరిపి చూశాను, రెండు మూడు అంకెలు ఊగుతున్నాయి తప్ప తేడా అలాగే ఉంది.

#13 డీబీఎమ్‌డాక్టర్

22 డీబీ తేడా! పది డీబీ అంటే పది రెట్లు, ఇరవై అంటే వంద రెట్లు. ఇరవై రెండంటే దాదాపు నూట అరవై రెట్లు. ఒకే బల్ల మీద రెండు ఫోన్లకి నాలుగైదు డీబీ తేడా మామూలే, ఇంత ఉండకూడదు. ఇది సెట్టింగులతో పోయే జబ్బులా లేదు.

#14 పాతకాపు

తొందరపడకండి డాక్టరు గారూ. ఆ ఫోన్ బ్యాండ్ 40 పట్టుకుని, చెల్లిగారిది బ్యాండ్ 3 పట్టుకుందేమో. 2300 మీద వచ్చే సిగ్నల్ గోడలు దాటేసరికి 1800 కంటే బాగా నీరసపడుతుంది.

#15 ముత్తాతఫోన్

సెల్ సమాచారం చూపించే యాప్ వేసి చూశాను. రెండూ బ్యాండ్ 3 మీదే ఉన్నాయండీ.

#16 స్క్రూడ్రైవర్

> బ్యాటరీ ఈమధ్యే మార్పించాను

ఇది మొదటి పోస్టులో ఉంది, మనమంతా దాటేశాం. నేనూ దాటేశాను, ఇప్పుడే పైనుంచి మళ్లీ చదివాను.

ముత్తాతఫోన్ గారూ, 4జీ పోయింది బ్యాటరీ మార్పించకముందా, తర్వాతా?

#17 ముత్తాతఫోన్

...తర్వాత.

ఇంతవరకూ ఆ రెండూ కలిపి ఆలోచించనే లేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, సిమ్ ట్రే కూడా అక్కడే తీసి పెట్టారు. స్లాట్‌లు తారుమారైంది అప్పుడేనన్నమాట.

#18 స్క్రూడ్రైవర్

అయితే తొంభై పాళ్లు కేబుల్. చెప్తాను వినండి.

చాలా ఫోన్లలో మెయిన్ బోర్డు పై సగంలో ఉంటుంది, అసలు యాంటెన్నా అడుగున, చార్జింగ్ పిన్ దగ్గర. రెంటినీ కలుపుతూ బ్యాటరీ అంచు వెంబడే సన్నటి తీగ ఒకటి పోతుంది, నల్లదో తెల్లదో, దారం కంటే కాస్త లావు. దాని రెండు కొసలకీ గుండ్రటి లోహపు టోపీలుంటాయి, అగ్గిపుల్ల తల కంటే చిన్నవి. బోర్డు మీది బొడిపె మీద పెట్టి నొక్కితే చొక్కా ప్రెస్ బటన్‌లా టిక్‌మని కూర్చుంటుంది. బ్యాటరీ తీసేటప్పుడు ఈ తీగ తగిలి టోపీ లేచిపోతుంది. కొన్నిసార్లు పైన ఆనుకుని ఉంటుంది కానీ లోపలికి దిగదు. చూడ్డానికి బాగానే ఉంటుంది, మూత వేసేస్తారు.

ఆ తీగ ఊడినా సిగ్నల్ పూర్తిగా ఎందుకు పోలేదంటే, 4జీ ఫోన్‌లో పైన రెండో యాంటెన్నా ఉంటుంది. చాలావాటిలో అది వినడానికే, మాట్లాడటానికి కాదు. టవర్ చెప్పేది కొద్దిగా వినబడుతోంది, మీరు చెప్పేది టవర్‌కి చేరట్లేదు. అందుకే ఎక్కింపు 0.1. దిగుమతి కూడా దానివల్లే ఏడుస్తుంది, ఎందుకంటే వచ్చిన ముక్కలకి 'అందింది' అని ఫోన్ తిరిగి చెప్తూ ఉంటేనే తర్వాతవి సాఫీగా వస్తాయి. ఇక కాలడం అంటారా, టవర్‌కి వినబడక ఫోన్ తన శక్తి మేరకు అరుస్తోంది. ఆ గరిష్ఠ శక్తి 0.2 వాట్లే అయినా, అది పుట్టించడానికి బ్యాటరీ నుంచి లాగేది అంతకు చాలా ఎక్కువ.

వెనక మూత సులువుగా వచ్చే రకమైతే మీరే చూడొచ్చు. ఫోన్ ఆపేయండి, ఊరికే స్క్రీన్ ఆపడం కాదు. మూత తీశాక ఇంకేదీ ముట్టుకోకముందే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఇనప పనిముట్టు వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. టోపీని బొడిపె మీద సరిగ్గా నిలబెట్టి, వేలి చివరతో నిటారుగా నొక్కండి. వంకరగా నొక్కితే బొడిపె ఊడొస్తుంది, ఆ తర్వాత టంకం వేసేవాడు కావాలి. మూత జిగురుతో అతికించిన ఫోనైతే ఆ సాహసం చేయకండి, విప్పినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి 'యాంటెన్నా కేబుల్ చూడండి' అని ఆ మాటే చెప్పండి. నెట్ స్లో అని చెప్తే రీసెట్ కొట్టి ఇచ్చేస్తారు. బ్యాటరీ ఏమాత్రం ఉబ్బినట్టున్నా మీరు తెరవనే వద్దు.

#19 తొందరపిల్ల

నేను ఎల్‌టీఈ ఓన్లీ అన్నాను, ఆయన యాంటెన్నా లేని ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు. క్షమించాలి.

#20 కొత్తసభ్యురాలు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కూడా పాతదే. 4జీ ఉంది, స్పీడ్ టెస్ట్‌లో 20 వస్తోంది, అయినా పేజీలు తెరుచుకోడానికి యుగం పడుతోంది. కొన్ని సైట్లయితే భద్రత లేదంటూ అసలు తెరుచుకోవు. నాదీ కేబులేనా?

#21 డీబీఎమ్‌డాక్టర్

కాదమ్మా. 20 వస్తోందంటే రేడియో ఆరోగ్యంగానే ఉంది. హాట్‌స్పాట్ ఆన్ చేసి అదే నెట్‌ని లాప్‌టాప్‌లో వాడి చూడండి. అక్కడ చకచకా తెరుచుకుంటే మీ ఫోన్ ప్రాసెసరూ మెమరీ అలిసిపోయాయని అర్థం. ఇప్పటి పేజీల్లో ఉండే స్క్రిప్టుల బరువు మోయలేకపోతోంది. స్టోరేజ్ నిండిపోయి ఉంటే కొంత ఖాళీ చేయండి, తేలికపాటి బ్రౌజర్ వాడండి.

భద్రత హెచ్చరిక వేరే గొడవ. ముందు ఫోన్‌లో తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. ఉంటే, ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతదా? సైట్ అసలైనదేనని ఫోన్‌కి చెప్పేది సర్టిఫికెట్. చాలా సైట్లకి వాటిని ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్. అది ఆనుకున్న పాత రూట్ సర్టిఫికెట్ (మిగతావాటికి మూలమైనది) గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. వాళ్ల కొత్త రూట్ పేరు మీ ఫోన్‌కి తెలియదు. పాత ఫోన్లు చిక్కుల్లో పడకుండా వాళ్లు కొన్నాళ్లు ప్రత్యేక ఏర్పాటు నడిపారు, అదీ ముగిసింది. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితా తనే మోసుకొస్తుంది, మీ ఫోన్‌లో ఎక్కే వెర్షన్ దొరికితే ప్రయత్నించండి.

#22 రెండుసిమ్‌లోడు

డేటా ప్యాక్ పరిమితి దాటిందేమో కూడా చూసుకోండి ఎవరైనా. చాలా ప్యాక్‌లలో కోటా అయిపోగానే వేగం 64 కేబీపీఎస్ లాంటి అంకెకి దించేస్తారు. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. పైన 4జీ గుర్తు మాత్రం ఠీవిగా అలాగే ఉంటుంది.

#23 ముత్తాతఫోన్

మూత జిగురు రకం కాదు, గోళ్లతో వచ్చేసింది. లోపల ఆరు స్క్రూలు, వాటిలో రెండు అసలు లేనే లేవు, అదో కథ.

బ్యాటరీ కనెక్టర్ తీశాను. అడుగున టోపీ సరిగ్గానే ఉంది. పైన బోర్డు దగ్గర చూస్తే, స్క్రూడ్రైవర్ గారు రాసినట్టే, బొడిపె పక్కన ఆనుకుని ఉంది, మీద కాదు. చెల్లి టార్చి పట్టుకుంది, నేను మూడుసార్లు తప్పి నాలుగోసారి నొక్కాను. టిక్! ఇద్దరికీ వినబడింది.

మైనస్ 97. దిగుమతి 31, ఎక్కింపు 12. టెస్ట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ చల్లగానే ఉంది. డౌటొచ్చి మళ్లీ పెట్టాను, 29.

నెలల తరబడి సెట్టింగులన్నీ తిరగేశాను. రెండోసారి టెస్ట్ అయ్యాక చెల్లి ఫోన్ నా చేతిలోంచి లాక్కుని తన దాంతో పోల్చి చూసుకుంది. తనకి 33 వచ్చాక గానీ ఇవ్వలేదు.

#24 స్క్రూడ్రైవర్

శభాష్. ఆ లేని రెండు స్క్రూలు ఎక్కడివి? కొన్ని ఫోన్లలో ఆ టోపీని పైనుంచి అదిమి పట్టే చిన్న రేకు ఉంటుంది, స్క్రూలు దాన్ని బిగించేవే అయితే కేబుల్ మళ్లీ లేస్తుంది. ఒక ఫొటో పెట్టండి, ఐఎంఈఐ చెరిపి.